పటేలు కడుపులో పెట్టుడుమందు

కొత్తగా పట్టా పుచ్చుకున్న డాక్టర్లు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. మాటల మధ్యలో కడుపునొప్పి రోగి ఒకడు తప్పకుండా వస్తాడు. "అన్ని పరీక్షలూ చేయించాం సార్. ఏమీ లేదు" అని చేతులు దులుపుకుంటారు. నాయనలారా, ఆ మాట అనేముందు కాస్త చుట్టూ చూసుకోండి. తాండూరు దవాఖానాలో ఉద్యోగం చేసే రోజుల్లో నేనూ ఆ మాటే అన్నాను. అది ఒక ఆడమనిషి పళ్లు రాలగొట్టడానికి ముహూర్తం పెట్టింది. ఎలాగో చెబుతాను.

రజాకార్ల గొడవ చల్లారి, మొదటి ఎన్నికలు కూడా అయిపోయిన కాలం అది. దవాఖానాకు డాక్టరును నేనొక్కణ్ణే. పట్నంలో చదువుకునే రోజుల్లో గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని వితంతు వివాహాల మీద, విగ్రహారాధన మీద గొంతు పోయేదాకా వాదించి, ఎదుటివాడు ఆకలేసి లేచి వెళ్లిపోతే నేనే గెలిచానని లెక్క వేసుకున్న మనిషిని. నా కింద ఒక కాంపౌండరు ఉండేవాడు. ముసల్మాను, నాకంటే వయసులో బాగా పెద్ద. నిజాం కాలం నుంచి అదే గదిలో మందులు కలుపుతున్నాడు. నన్ను "డాక్టర్ సాబ్" అని మర్యాదగా పిలుస్తూనే చెడామడా తిట్టగల నేర్పు ఆయనది.

మా రోగుల్లో పెద్దమనిషి ఒక పటేలు. ఊళ్లో భూములు చూసుకుంటూనే షాబాదు బండల వ్యాపారంలోకి దిగి, స్టేషను దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. బండ చూసి అది ఎక్కడ పగులుతుందో చెప్పగలడు. తన కడుపు సంగతి మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. తింటే ఉబ్బరం, తినకపోతే మంట. కోర్టు వాయిదా ఉన్న రోజున చెంబు పట్టుకుని పరుగులు, వాయిదా లేని రోజుల్లో వరసగా బిగింపు. బరువు తగ్గలేదు, జ్వరం లేదు, మీసం మాత్రం వాలిపోయింది.

నా దగ్గరికి రాకముందు ఆయన చేయని వైద్యం లేదు. హకీం నాడి పట్టుకుని కళ్లు మూసుకుని "మేదాలో గర్మీ", అంటే పొట్టలో వేడి అని తియ్యటి లేహ్యం ఇచ్చాడు. ఆయుర్వేద వైద్యుడు వాతమని త్రిఫల చూర్ణం ఇచ్చాడు. ఒకరు వేడి అంటే ఒకరు గాలి అన్నారు కానీ, మాంసం మానేయమని ఇద్దరూ చెప్పారు. ఆ ఒక్క విషయంలో పటేలు ఇద్దరినీ నమ్మలేదు. స్టేషన్లో గుమాస్తా ఒకాయన హోమియోపతి పుస్తకం చూసి చక్కెర గోళీలు ఇచ్చేవాడు. కలలో పాములు కుడివైపు నుంచి వస్తాయా, ఎడమవైపు నుంచా అని అడిగాడట. పాపం పటేలు పాముల కోసం ఎదురుచూస్తూ నిద్ర మానేశాడు. బొడ్డు జారిందని ఒక ముసలమ్మ వచ్చి, పొట్ట మీద పిండి ప్రమిదలో దీపం వెలిగించి దాని మీద చెంబు బోర్లించింది. దీపం ఆరిపోగానే చెంబు పొట్టను గట్టిగా పట్టుకుంది. అది ఊడి వచ్చాక బొడ్డు దాని చోటికి అది చేరిందన్నారు. పటేలు ఆ పూట కడుపునిండా జొన్నరొట్టె తిన్నాడు.

వికారాబాదులో ఖద్దరు కట్టిన ప్రకృతి వైద్యుడొకాయన పొట్ట మీద చల్లటి మట్టి పట్టీ వేసి, ఎనిమా ఇచ్చి, రోజూ అనంతగిరి కొండ ఎక్కి దిగమన్నాడు. పటేలు అక్కడే మకాం పెట్టి కొండ ఎక్కినన్నాళ్లూ సుఖంగా ఉన్నాడు. అది పద్మనాభస్వామి మహిమ అని పటేలు, మట్టి మహిమ అని వైద్యుడు వాదించుకున్నారు. కాళ్ల మహిమ అని మాత్రం ఎవరూ అనలేదు.

నన్ను నేను మినహాయించుకోను. మా దవాఖానాలో పెద్ద సీసా నిండా పుదీనా వాసన వేసే గులాబీరంగు నీళ్లు ఉండేవి. కడుపులో ఏమొచ్చినా అదే. రోగి పెదవి విరిస్తే కాంపౌండరు లోపలికి వెళ్లి ఇంకాస్త రంగు కలిపి తెచ్చి, "గిది స్ట్రాంగు" అనేవాడు. రోగికి వెంటనే నెమ్మదించేది.

వీటిలో ప్రతి వైద్యమూ పటేలుకు కొన్నాళ్లు పనిచేసింది. ఆ సంగతి తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది. అందుకని సైన్సు ఏమిటో చూపిస్తానని పంతం పట్టాను. మలం పరీక్ష, రక్తపరీక్ష చేయించాను. పట్నంలో పెద్ద దవాఖానాకు పంపి, తెల్లటి మందు తాగించి ఎక్స్‌రేలు తీయించాను. ఫిల్ములు పట్టుకుని పటేలు తాండూరులో బండి దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. వెంట ఆయన అక్క ఉంది. భర్త పోయి పుట్టింటికి చేరి, తమ్ముడి భార్య కూడా పోయాక ఆ ఇంటిని పిడికిట్లో పెట్టుకుని నడుపుతున్న మనిషి.

నేను ఫిల్ములను కిటికీ వెలుగులో పెట్టి చూశాను. పుండు లేదు, గడ్డ లేదు, ఇరుకు లేదు.

"పటేలా, మీకు ఏమీ లేదు. ఏ రోగమూ లేదు" అన్నాను, బహుమతి ఇస్తున్నవాడిలా.

పటేలు మొహం వాడిపోయింది. గుమ్మంలో నిలబడ్డ అక్క మొహం మాత్రం వెలిగింది.

"విన్నవా తమ్మీ? నేను మొత్తుకుంటనే ఉన్న. రోగం గాదని ఇంత పెద్ద డాక్టరే చెప్పవట్టె. రోగం గాకపోతే ఇంకేంది? మందే."

పటేలు ఫిల్ములు చుట్టుకుని తల వంచుకుని వెళ్లిపోయాడు. అప్పటిదాకా సీసాలు సర్దుతున్న కాంపౌండరు వెనక్కి తిరిగాడు.

"డాక్టర్ సాబ్, మీరు డాక్టరా, ఫిర్యాదికి సాక్ష్యం చెప్పే గవాహీనా?"

"నేనేమన్నాను? ఉన్నదే చెప్పాను."

"మీరన్నది మీకెరుక. ఆమె విన్నది ఏందంటే, పటేలు ఇంట్ల వంటమనిషి మందు పెట్టిందని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చిండని."

ఈ ప్రాంతం మనిషి కాని పాఠకుడికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ మందు దవాఖానా మందు కాదు. పెట్టుడుమందు. మనిషిని వశం చేసుకోవడానికి అన్నంలో కలిపి పెట్టేది. అది పేగుకు అంటుకుని ఏళ్ల తరబడి కడుపును తినేస్తుందని, ఏ డాక్టరుకూ దొరకదని అందరి నమ్మకం. డాక్టరుకు దొరకకపోవడమే దాని గుర్తు. అంటే నేను ఎంత జాగ్రత్తగా పరీక్ష చేసి ఎంత గట్టిగా 'లేదు' అంటే, అది అంత గట్టిగా ఉన్నట్టు. గ్రంథాలయం మెట్ల మీద ఎన్నో కుతర్కాలు విన్నాను కానీ, ఇంత పకడ్బందీ కుతర్కం ఎక్కడా తగల్లేదు.

పటేలు ఇంట్లో వంట చేసేది దూరపు చుట్టం. చిన్న వయసులోనే భర్త పోతే వంటకు తెచ్చిపెట్టుకున్నారు. మొగుడు లేడు, పిల్లలు లేరు, పుట్టింట్లో పలకరించే దిక్కు లేదు. ఇంత చాకిరీ చేస్తోంది కదా, ఊళ్లో ఒక మెట్టచెలక ఆమె పేర రాస్తే ఎట్లుంటదని పటేలు ఒకసారి నోరు జారాడు. అక్కకు అది చాలు. బుద్ధి సరిగ్గా ఉన్న మగవాడు భూమి వదులుతాడా? మందు పనిచేయబట్టే కదా ఆ మాట వచ్చింది?

"ఏం చేస్తారు ఆమెను?" అని అడిగాను.

కాంపౌండరు కుల్కచర్ల వైపు నుంచి బండి మీద తెచ్చిన ఒక ముసలామెను గుర్తు చేశాడు. నేను తాండూరు వచ్చిన కొత్తలో చూసిన కేసు. భానామతి చేసిందని ముందుపళ్లు రాలగొట్టారు, నోట్లోంచి మంత్రం సరిగ్గా పలకకుండా. దవడ వాచి, నోరు మూతపడక, ఆమె నాలుగు రోజులు మా వరండాలో పడుకుంది. ఎవరు కొట్టారంటే చెప్పలేదు. కాంపౌండరు దూదితో ఆ నోరు శుభ్రం చేస్తూ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ సాయంత్రమే పటేలు ఇంటికి వెళ్లాను. గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. జీర్ణరసం గురించి, పేగుల కదలిక గురించి, మూఢనమ్మకం గురించి. పటేలు తల ఊపాడు. అక్క ఓపికగా విని, "సారూ, మీది గొప్ప సదువే. గని ఈ సదువు వేరే. మందు తీసెటాయన సేడం దిక్కునుంచి అమాస నాడొస్తుండు. తీసి సేతిల పెడ్తడు. ఎవరు పెట్టిండ్రో గూడ సెప్తడు. మీరు గూడ రాండ్రి, సూద్దురు" అని నన్నే పిలిచింది.

వంటమనిషి నాకు మంచినీళ్లు తెచ్చిపెట్టింది. వెళ్లేటప్పుడు పక్క వాకిట్లో గిన్నెలు తోముతూ కనబడింది. తల ఎత్తకుండానే అడిగింది.

"సార్, మందు లేనే లేదంటిరి గద. మరి లేనిది ఎట్ల తీస్తడు?"

"మోసం చేస్తాడమ్మా. నువ్వు ఈలోగా ఎటైనా వెళ్లిపోరాదూ?"

"పోతే నేనే పెట్టిన్నని ఒప్పుకున్నట్టు గాదా? ఆడ గూడ దొరకవడ్తరు." గిన్నె బోర్లించి లేచింది. "ఉంటె పండ్లు పోతయి. పోతె పానం పోతది. పండ్లే నయం."

పోలీసు ఠాణాకు, అమీన్ సాబు దగ్గరికి పోయాను. ఆయన మర్యాదగా కుర్చీ వేయించి, "కొట్టినంక రమ్మనుండ్రి, ఫిర్యాదు రాసుకుంట. కొట్టకముందే ఏం రాసుకోవాలె?" అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ నడుముకున్న తాయెత్తును వేలితో సవరించుకుంటూనే ఉన్నాడు. ఆయనకూ గ్యాసే.

ఇక మిగిలింది ఒకటే దారి. మోసాన్ని అందరి ముందూ నేనే చేసి చూపించడం. జాతరల్లో ఈ మందు తీసేవాళ్లను కాంపౌండరు దగ్గరి నుంచి చూశాడు. ఇత్తడి గొట్టం బొడ్డు మీద పెట్టి పీలుస్తారు, నల్లటి ముద్ద ఉమ్ముతారు. ముద్ద ముందే బుగ్గలో ఉంటుంది. అంతే విద్య. ఆడవాళ్లకైతే పొట్ట ముట్టుకోకూడదు కాబట్టి మణికట్టు మీద గొట్టం పెడతారు. కడుపులోది మణికట్టుకు ఎలా ఎక్కి వచ్చిందని అడిగే నాథుడు లేడు.

బెల్లం పాకం, పత్తి, కాస్త బొగ్గుపొడి, మంగలి దుకాణం నుంచి తెచ్చిన వెంట్రుకలు. కాంపౌండరు వీటితో ముద్దలు చుట్టాడు.

"వెంట్రుకలు మరిగించావా?"

"అసలోడు మరిగిస్తడా సాబ్?"

"అసలువాడు డాక్టరు కాదు. మరిగించు."

తలుపు వేసుకుని సాధన మొదలుపెట్టాను. ముద్ద బుగ్గలో పెట్టుకుని మాట్లాడటం అంత తేలిక కాదు. ఒక మధ్యాహ్నం చెరో బుగ్గలో ఒకటి పెట్టుకుని 'మూఢనమ్మకం' అనే మాటను పలకబోతుండగా ఒక రైతు తలుపు తోసుకుని వచ్చాడు. నన్ను చూసి జాలిపడి, "గవదబిల్లలు సారూ. ఉమ్మెత్తాకు కట్టుండ్రి, తగ్గుతయి" అని వైద్యం చెప్పి పోయాడు.

అమావాస్య నాడు పొద్దు వాలుతుండగా పటేలు వాకిట్లో జనం కిక్కిరిశారు. బండల వ్యాపారి ఇల్లు కదా, వాకిలంతా నున్నటి షాబాదు బండలు పరిచి, నీళ్లు నిలవకుండా ఒక పక్కకు వాలు పెట్టారు. ఆ వాలు చివర, నీళ్లు పోయే కంత దగ్గర, వంటమనిషిని కూర్చోబెట్టారు. తల మీద కొంగు కప్పుకుని నేలనే చూస్తోంది. ఆమె వెనక పటేలు పాలేళ్లు నలుగురైదుగురు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లెందుకున్నారో ఎవరూ ఎవరినీ అడగలేదు.

మందు తీసేవాడు చూడటానికి దొంగలా ఉండడు. తెల్లటి రుమాలు, మెత్తటి మాట, కన్నడం కలిసిన తెలుగు. పటేలును మంచం మీద పడుకోబెట్టి, వేడి చేసిన ఆముదం రాసి, పొట్టను నిదానంగా, ఎంతో ఓపికగా నిమిరాడు. ఎక్కడ నొప్పో, ఎప్పటి నుంచో, ఏం తిన్న రోజున ఎక్కువైందో అడిగాడు. పటేలు గొంతు విప్పి చెప్పాడు. ఆ తర్వాత వాడు గొట్టం పెట్టి బుగ్గలు లోపలికి పోయేలా పీల్చి, పళ్లెంలో ఉమ్మాడు. నల్లటి ముద్ద.

పటేలు "అబ్బ" అని ఒక్క నిట్టూర్పు విడిచాడు. ఏళ్ల తర్వాత ఆయన మొహంలో బిగువు వదలడం నేను చూశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, నాకు కోపం వచ్చింది.

"ఈగ యారు పెట్టిండ్రో, ఎవరి చెయ్యో చూద్దాం" అని వాడు సంచిలోంచి నిమ్మకాయ తీశాడు. దొర్లిస్తే అది ఎవరి ముందు ఆగితే వాళ్లదే చెయ్యి. వాకిలి వాలు ఎటుందో ఇందాకే చెప్పాను.

నేను లేచాను. "ఆగవయ్యా. ఇంతమంది కడుపులు శుభ్రం చేసినవాడివి. నీ కడుపులో ఏముందో ఎప్పుడైనా చూసుకున్నావా? పడుకో, నేను చూస్తాను."

జనం గొల్లుమన్నారు. వాడు తప్పించుకోబోయాడు కానీ, ముందువరసలో కూర్చున్న అమీన్ సాబు వినోదం కోసం, "పండుకో, డాక్టర్ సాబు చూస్తనంటుండు గద" అన్నాడు. పోలీసు మాట. వాడు పడుకున్నాడు. వాడి గొట్టమే తీసుకుని వాడి బొడ్డు మీద పెట్టి శక్తికొద్దీ పీల్చాను. కుడిబుగ్గలోని ముద్దను పళ్లెంలో ఉమ్మాను. వాడి ముద్దకంటే మాదే నల్లగా ఉంది. బొగ్గుపొడి మహిమ.

జనం మెడలు సాచి పళ్లెంలోకి చూశారు. ఇదే అదను అనుకుని జనం వైపు తిరిగాను. "చూశారా? ఇది వీడి కడుపులోంచి రాలేదు. నా నోట్లోంచి వచ్చింది. బెల్లం, పత్తి. మా కాంపౌండరు చుట్టాడు. వీడు చేసేదీ ఇదే." ఎడమబుగ్గలో రెండో ముద్ద ఉండటం వల్ల ఈ ఉపన్యాసం కాస్త నత్తిగా వచ్చింది.

పటేలు పక్కన కూర్చున్న ఒక ముసలాయన చేతులు జోడించాడు. "సారుకు గింత విద్యుండి సప్పుడు జెయ్యక ఉన్నడు. సూడుండ్రి, తన్నే తక్కువ జేసుకుంటుండు. గొప్పోల్లు గట్లనే ఉంటరు."

"విద్య కాదయ్యా, బెల్లం."

"అవు సారూ, మీకది బెల్లమే. మాకెట్ల వస్తది?"

మందు తీసేవాడు మంచం మీద లేచి కూర్చుని, తన పొట్ట తడుముకుంటూ నావంక భయంగా చూస్తున్నాడు. వాడు కూడా నమ్మాడని నా అనుమానం. కాంపౌండరు తల పట్టుకున్నాడు. అక్క మాత్రం చలించలేదు. "సారు మందు సారు తీసిండు, సంతోషం. నిమ్మకాయ దొర్లియ్యి" అంది.

నాకు ఒకటే ఆయుధం మిగిలింది. నోరు తెరిచి రెండో ముద్దను అందరికీ చూపించడం. అది కళ్లారా చూశాక ఎవడు కాదనగలడు? వేలు నోటి దగ్గరికి తీసుకెళ్లాను. అప్పుడే వంటమనిషి లేచి నా ముందుకు వచ్చింది. నా ఎడమబుగ్గ వంక చూసింది. కుడిచెయ్యి చాపింది.

"సార్, నా కడుపుల గూడ మస్తు నొస్తది. నాక్కూడ సూడుండ్రి."

ఆమె మొహం నాకు రెండు మూరల దూరంలో ఉంది. బుగ్గలో ఏముందో ఆమెకు తెలుసు. ఆ వాకిట్లో నా ఉపన్యాసాన్ని నమ్మింది ఆమె ఒక్కతే. నమ్మింది కనుకనే చెయ్యి చాపింది.

నేను నోరు తెరిస్తే వాదం పూర్తవుతుంది. బహుశా ఇద్దరో ముగ్గురో ఒప్పుకునేవాళ్లు. మిగతావాళ్లు నిమ్మకాయ చూసేవాళ్లు. జీవితమంతా వాదాలు పూర్తి చేయడానికే బతికిన నేను, ఆ వాదాన్ని బుగ్గలోనే ఉంచుకుని గొట్టం తీసి ఆమె మణికట్టు మీద పెట్టాను. పీల్చాను. ఉమ్మాను.

మూడో ముద్ద పళ్లెంలో పడింది. ఇప్పుడు జనం గొల్లుమనలేదు. వెనకున్న పాలేళ్లు కట్టుకున్న చేతులు విప్పారు. అమీన్ సాబు ముందుకు వంగి అడిగాడు.

"గీమెకెవరు పెట్టిండ్రు?"

ఆమె గొంతు పెంచలేదు. "నాకేమెరుక అమీన్ సాబ్. నేను అందరి ఆఖరుకు తింట. నా పల్లెం ఎన్నడన్న నేను పెట్టుకున్ననా? పెద్దమ్మనే పెడ్తది."

వాకిట్లోని తలలన్నీ ఒక్కసారి అక్క వైపు తిరిగాయి. చెలక తమ్ముడి చెయ్యి దాటకుండా చూస్తున్నది ఎవరు? ఇంట్లో తాళాలన్నీ ఎవరి నడుముకు ఉన్నాయి? గుంపులోంచి ఎవరో "పెద్దమ్మనేనా?" అని అననే అన్నారు. ఆవిడ చేతిలోని విసనకర్ర ఆగిపోయింది. పటేలు కూడా మంచం మీంచి తల ఎత్తి చూశాడు.

ఆవిడ లేచి నిలబడింది.

"ఏం మందు? ఏం మన్ను? కడుపుల ముద్ద గింత మణికట్టుల నుంచి ఎట్ల ఎల్లుతదిరా, సోయి లేదా మీకు? సారు మొదటి నుంచి సెప్తనే ఉన్నడు, బెల్లమని, పత్తని. ఇంటిరా ఒక్కలన్న?" మందు తీసేవాడి వైపు తిరిగింది. "నీ గొట్టం తీసుకోని లెవ్వు. మంది ఇండ్లల్ల చిచ్చు వెట్టెటోడా. లెవ్వంటున్ననా లేదా?"

వాడు నిమ్మకాయ కూడా తీసుకోకుండా పోయాడు. ఉపన్యాసాలిచ్చి అన్నేళ్లలో నేను ఒక్కరిని కూడా హేతువాదిని చేయలేకపోయాను. ఆ సాయంత్రం తాండూరులో మొదటి హేతువాది పుట్టింది. తనమీదికి వస్తే తర్కం ఎంత త్వరగా అబ్బుతుందో నాకు అప్పుడు తెలిసింది.

ఈ విజయానికి నేను చెల్లించుకోవలసింది చెల్లించుకున్నాను. మర్నాడు తెల్లారేసరికి దవాఖానా ముందు బండ్లు కట్టుకుని వచ్చిన జనం. బషీరాబాదు నుంచి, కరణ్‌కోట నుంచి, అందరికీ కడుపులో మందే. అది బెల్లమని నేను ఒక్కొక్కరికీ చెప్పాను. వాళ్లు ఒక్కొక్కరూ నమస్కారం పెట్టి మణికట్టు చాపారు. కొన్నాళ్లకు పైఅధికారి వికారాబాదు నుంచి విచారణకు దిగాడు, ప్రభుత్వ డాక్టరు మంత్రవైద్యం చేస్తున్నాడని ఫిర్యాదు. అంతా విని, నవ్వాపుకుని, ఇకమీదట మానమని హెచ్చరించి, పోతూ పోతూ కాస్త తటపటాయించి, తన మామగారికి కూడా ఇలాగే కడుపులో ఏదో ఉందని చెప్పాడు.

అప్పటి నుంచి నేను కడుపు రోగులతో మాట్లాడే తీరు మార్చుకున్నాను. ఆ మందు తీసేవాడు మోసగాడే, సందేహం లేదు. కానీ వాడు పటేలు పొట్టను ముట్టుకున్నాడు. హకీం ముట్టుకున్నాడు, చెంబు ముసలమ్మ ముట్టుకుంది, మట్టివైద్యుడూ ముట్టుకున్నాడు. నేను ఫిల్ము ముట్టుకున్నాను. అందుకే చెబుతున్నాను, 'ఏమీ లేదు' అనకండి. తాండూరులో నేను ఇలా అనేవాణ్ణి: "రైలు పట్టాలు బాగానే ఉన్నాయి, ఎక్కడా విరగలేదు. సిగ్నలు వేసేవాడు బెదిరిపోయి ఉన్నాడు. అందుకే బండ్లు ఒకరోజు ఆగిపోతున్నాయి, ఒకరోజు గుద్దుకుంటున్నాయి. నొప్పి నిజమే. వాణ్ణి నెమ్మదిపరుద్దాం." స్టేషను ఊరు కనుక అందరికీ అర్థమయ్యేది. నొప్పి నిజమే అన్న మాటకు కొందరు ఏడ్చేవాళ్లు కూడా. దాని తర్వాత ఇసబ్గోలు ఇచ్చినా, నడవమన్నా, హకీం లేహ్యం కొనసాగించమన్నా, వినేవాళ్లు. గొట్టం వైద్యం మీద నా కోపం మాత్రం అణువంత కూడా తగ్గలేదు. ఆ వైద్యానికి రోగి కడుపు ఒక్కటే సరిపోదు, ఎవరిదో ఒక నోరు కూడా కావాలి.

అయితే ఆ మర్నాటి మధ్యాహ్నం సంగతి చెప్పకుండా ఆపితే కథ సగమే అవుతుంది. జనాన్ని ఎలాగో పంపించేసరికి పటేలు ఇంటి నుంచి పిలుపు వచ్చింది. నన్నూ, కాంపౌండరునూ భోజనానికి రమ్మని. వెళ్లాక తెలిసింది, మమ్మల్ని పిలిచింది సాక్షులుగా.

అక్క నట్టింట్లో వరసగా విస్తళ్లు వేయించింది. పటేలుకు, నాకు, కాంపౌండరుకు, తనకు. చివర ఇంకొకటి. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వంటమనిషిని పిలిచింది.

"వచ్చి గీడ కూసో. గదే గిన్నెల నుంచి, అందరం సూస్తుండంగ తిను. రేపు మల్ల ఎవడో ఏదో అంటె నేను మాట వడలేను."

ఆమె కొంగు సవరించుకుని బెరుకుగా కూర్చుంది. ఆ ఇంట్లో దేవుడికి చూపకముందు వండినదాన్ని నాలుక మీద వేసుకోవడం ఎంగిలి. కారం కూడా తాళం తీసి అక్క కొలిచి ఇచ్చినంతే. మొదట అందరూ తినేవాళ్లు. చివరికి ఆమె పళ్లెంలోకి చల్లారిన అన్నం, అడుగున మిగిలిన పచ్చిపులుసు వచ్చేవి. కూర మిగిలిన రోజు లేదు.

వంకాయకూరతో ఆమె మొదటి ముద్ద పెట్టుకుంది. నములుతూ ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఇంకేదో అనుకున్నాను. అప్పటికి నేనూ ఒక ముద్ద పెట్టుకుని, వెంటనే ఆ ఇంకేదో మరిచిపోయాను.

"పెద్దమ్మా," అంది ఆమె, "గిది రోజు గింతేనా?"

"ఏది?"

"కారం."

పటేలు విస్తరిలో చెయ్యి ఆపాడు. కాంపౌండరు టోపీ కింద నుంచి చెమట కారుతోంది. పటేలు కడుపు జబ్బంతా కారమేనని నేననను. కోర్టు వాయిదాలూ ఉన్నాయి. కానీ అన్ని ఎక్స్‌రేలు తీయించిన నేను ఆ ఇంట్లో ఒక్క పూట తిని ఉంటే బాగుండేది.

"మా తమ్మునికి కారమిష్టం" అంది అక్క.

"నాకా? ఎవరు సెప్పిండ్రు?" అన్నాడు పటేలు.

"నువ్వెన్నడు ఏమనకపోతివి."

"నువ్వు గూడ గదే తింటుంటివి గద. నువ్వేమంటలెవ్వని నేనేమనలే."

"నువ్వేమంటలెవ్వనే నేను గూడ అనలే" అంది అక్క, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. ఆవిడకూ చాలాకాలంగా ఛాతీలో మంటట. ఎవరికీ చెప్పలేదు.

పటేలు నా వైపు తిరిగి డాక్టరుగా ఏమంటారని అడిగాడు. నేను నోరు తెరిచే స్థితిలో లేను. వంటింట్లో కనబడుతున్న మజ్జిగ కుండ వైపు వేలు చూపించాను.

వంటమనిషి అలవాటుగా లేవబోయింది. అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది.

"కూసో. తినుకుంట లెవ్వొద్దు."

మోకాళ్ల మీద చేతులు ఊనుకుని తనే లేచింది. లోపలికి పోయి కుండ తెచ్చి, వరస చివరి నుంచి పోయడం మొదలుపెట్టింది.